ప్లకార్డు మీద ఏ దేశం పేరుంటే ఆ దేశం మనదే

[ఆర్కే బీచ్, కుర్సురా సబ్‌మెరైన్ ముందు యాంకర్]

నమస్తే అండీ! 2016 ఫ్లీట్ రివ్యూకి దాదాపు 50 దేశాల నేవీలు మన విశాఖకి వచ్చాయి. ఈ రోజు చెప్పుకునే సదస్సుకి ఓడలు అక్కర్లేదు, ఒక హాలు చాలు. అదే మోడల్ యునైటెడ్ నేషన్స్: విద్యార్థులు ఒక్కో దేశానికి ప్రతినిధులుగా, అంటే డెలిగేట్లుగా, కూర్చుని ఐక్యరాజ్యసమితి సభలా జరిపే సదస్సు. కాలేజీల్లో ‘మన్’ అంటారు.

[పాత ఫోటోలు]

ఐక్యరాజ్యసమితి పుట్టింది 1945లో. అంతకుముందే, 1920లలో, అమెరికా విద్యార్థులు అప్పటి నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) నమూనా సభలు జరిపేవారు. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో 1968లో మొదలైన సదస్సుకి ఇప్పటికీ ఎన్నో దేశాల స్కూలు పిల్లలు వస్తారు.

[హాలు, బల్లల మీద ప్లకార్డులు]

ఇక్కడ మీ సొంత అభిప్రాయంతో పనిలేదు. మీకు ఇచ్చిన దేశం ఏమంటుందో అదే మీరూ అనాలి. ఒక ఉదాహరణ చూద్దాం.

2018 చివర్లో గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇంటికి రాలేదు. ఇదే అజెండా అనుకోండి. జాలరిపేట అమ్మాయికి పాకిస్తాన్ ప్లకార్డు వచ్చింది. పాపం, ఎంత కష్టం!

[తెర మీద: తీరం, 12 నాటికల్ మైళ్లు, 200 నాటికల్ మైళ్లు]

భారత్ డెలిగేట్ లేచి సముద్ర చట్టాల ఒప్పందంలోని 73వ ఆర్టికల్ చదువుతాడు: సముద్రంలో 12 నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నిబంధన తప్పితే, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలుశిక్ష వేయకూడదు. పూచీకత్తు కడితే పడవనీ మనుషులనీ త్వరగా వదిలేయాలి.

అమ్మాయి ఏం చెప్పాలి? ఆ ఆర్టికల్ 12 నాటికల్ మైళ్ల లోపలి ప్రాదేశిక జలాలకు వర్తించదు. అయితే పడవ ఎక్కడ దొరికిందో తేల్చండి! వాదన ఇక ఆ గీత చుట్టూనే తిరుగుతుంది. వాళ్ల నాన్న వేటకెళ్లేవాడైతే, ఆ మాట పలకడానికి ఆమెకి గుండె ఎంత గట్టిగా ఉండాలో ఆలోచించండి.

[అన్‌మోడరేటెడ్ కాకస్: గుంపులు, చేతులు మారుతున్న చిట్‌లు]

నాకు బాగా నచ్చేది ఈ అన్‌మోడరేటెడ్ కాకస్, అంటే డెలిగేట్లు విడివిడిగా మాట్లాడుకునే భాగం. మైకు ఉండదు, కుర్చీలు వదిలి తిరుగుతారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. ‘మత్స్యకారుల జాబితా మాత్రం నెలనెలా ఇద్దామా?’ అని ఆమె భారత్ డెలిగేట్‌కి ఒక చిట్ పంపుతుంది. అటు నుంచి ‘సరే, కుటుంబాలకి ఫోను కూడా కలపండి’ అని జవాబు. అదే డ్రాఫ్ట్ రిజల్యూషన్‌లో, అంటే ముసాయిదా తీర్మానంలో, ఒక క్లాజు అవుతుంది. స్టేజీ మీద ఎంత దంచినా రాని ఫలితం ఇక్కడ వస్తుంది.

అందుకే, గొంతు పెద్దదైన వాళ్లకే ‘బెస్ట్ డెలిగేట్’ అవార్డు కట్టబెట్టే పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. ఫీజు, సూటు, ఇంగ్లీషు ధాటీ ఉన్నవాళ్లకే తలుపు తెరుచుకోవడం మరీ అన్యాయం.

[క్లాస్‌రూమ్, బోర్డు మీద 15 దేశాల పేర్లు]

ప్రభుత్వ కాలేజీల లెక్చరర్లకి నా విన్నపం: భద్రతా మండలితో మొదలుపెట్టండి. 15 మంది చాలు. తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు రావాలి, శాశ్వత సభ్యులు అయిదుగురిలో ఒక్కరూ వీటో చేయకూడదు. అట్టముక్కల మీద పేర్లు రాసుకుని, హాయిగా తెలుగులోనే జరపండి. మొదటి అజెండా ఏం పెడతారో కామెంట్లలో రాయండి, దానికి కావలసిన ఒప్పందాల పాఠాలు వెతికి వచ్చే వీడియోలో చెబుతాను.