క్రియాటినిన్ పెరిగితే బీపీ మాత్ర మానేయాలా?

అందరికీ నమస్కారం.

"బీపీ మాత్రలు వాడీ వాడీ కిడ్నీలు పోయాయండీ." కిడ్నీ డాక్టరుగా నాకు తరచూ వినబడే మాట ఇది. చాలామంది విషయంలో జరిగింది దీనికి తలకిందులు. బీపీని ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే కిడ్నీ దెబ్బతింటుంది. దెబ్బతిన్న కిడ్నీ ఉప్పునీ నీటినీ సరిగా బయటికి పంపలేక బీపీని ఇంకా పెంచుతుంది. మాత్ర మొదలయ్యేది అప్పుడు. నింద మాత్రం దాని మీద పడుతుంది.

ఈ అనుమానం జనానిదే అనుకోకండి. ఒకప్పుడు పేరున్న డాక్టర్లు కూడా, బిగుసుకుపోయిన నాళాల్లో రక్తం నడవాలంటే ఆ ఒత్తిడి ఉండాల్సిందే, తగ్గిస్తే కిడ్నీకి రక్తం చాలదు అని నమ్మేవారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రీస్ బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. కింది బీపీ 115 నుంచి 129 దాకా ఉన్న 143 మంది మగవాళ్లలో దాదాపు సగం మందికి మందులు, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 1967లో ఫలితం చెప్పారు. ఉత్తుత్తి మాత్రల వాళ్లలో 27 మందికి ప్రమాదం ముంచుకొచ్చింది, మందులు వాడినవాళ్లలో ఇద్దరికి. ఆ మందుల్లో ఒకటి రెసర్పిన్, మన సర్పగంధ వేరు నుంచి వచ్చిందే. బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ 1949లో సర్పగంధ గురించి బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాక పడమటి దేశాలు దానివైపు చూశాయి. ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక క్రియాటినిన్ సంగతి. కిడ్నీ రక్తంలోంచి వడకట్టి బయటికి పంపే వ్యర్థం ఇది, వడపోత తగ్గితే రక్తంలో పెరుగుతుంది. మీ మాత్రల అట్ట మీద పేరు చివర "ప్రిల్" అనో "సార్టాన్" అనో ఉందా చూసుకోండి. ఇవి కిడ్నీలోని వడపోత గుత్తుల్లో ఒత్తిడి తగ్గిస్తాయి. ఒత్తిడి తగ్గితే వడపోత కాస్త నెమ్మదిస్తుంది, మొదటి వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. రిపోర్టు చూడగానే ఇంట్లో అందరికీ టెన్షన్, మాత్ర బంద్. నిజానికి పెరుగుదల 30 శాతం లోపు ఉండి, పొటాషియం అదుపులో ఉంటే మామూలుగా మాత్ర కొనసాగిస్తాం. 1993లో వచ్చిన కాప్టోప్రిల్ పరిశోధనలో, ఇన్సులిన్ తప్పనిసరైన టైప్ 1 షుగరుతో కిడ్నీ దెబ్బతిన్న 409 మందిని చూశారు. చావు, డయాలసిస్, కిడ్నీ మార్పిడి, ఈ మూడూ కలిపి చూస్తే కాప్టోప్రిల్ వాడినవాళ్లలో ముప్పు సగానికి పడిపోయింది.

సరే, కిడ్నీ బాగా పాడయ్యాక? అప్పుడైనా ఈ ప్రిల్, సార్టాన్ మాత్రలు మానేస్తే నాలుగు రోజులు ఎక్కువ పనిచేస్తుందేమోనన్న ఆశ డాక్టర్లకూ ఉండేది. బ్రిటన్‌లో 411 మంది మీద మూడేళ్లు చూశారు. అందరికీ కిడ్నీ పనితీరు చెప్పే అంకె (ఈజీఎఫ్‌ఆర్) 30కి లోపే, అంటే బాగా పడిపోయినట్టు. కొందరి చేత మాత్ర మానిపించారు, కొందరికి కొనసాగించారు. మానినవాళ్ల కిడ్నీ పనితీరు ఏమీ మెరుగ్గా లేదని 2022లో తేలింది.

క్లోర్‌థాలిడోన్‌ది ఇంకో కథ. చవకైన పాత మందు, మూత్రంలో ఉప్పు పోయేలా చేస్తుంది. కిడ్నీ ఇంత పాడయ్యాక ఈ జాతి మందులు పనిచేయవని చదువుకున్నాం, చదువు చెప్పాం. అమెరికాలోని ఇండియానాలో డాక్టర్ రాజీవ్ అగర్వాల్ బృందం కిడ్నీ జబ్బు ముదిరి నాలుగో దశకు చేరిన రోగులు 160 మందిని తీసుకుని, చేతికి పట్టీ కట్టి 24 గంటల బీపీ కొలిచింది. పన్నెండు వారాల్లో పై బీపీ సగటున 11 పాయింట్లు దిగింది. ఉత్తుత్తి మాత్రతో ఒక్క పాయింటైనా దిగలేదు. అలాగని దుకాణంలో అడిగి వేసుకునే మందు కాదు, కొందరిలో క్రియాటినిన్, సోడియం, పొటాషియం తారుమారయ్యాయి.

ఎంతకు దించాలి? 2015లో వచ్చిన స్ప్రింట్ పరిశోధనలో, షుగరు లేని 9,361 మందిలో, పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవాళ్లలో గుండె జబ్బులూ మరణాలూ తగ్గాయి. అయితే అక్కడ బీపీ ఎలా చూశారో వినండి. కుర్చీలో వీపు ఆనించి, అయిదు నిమిషాలు మాటామంతీ లేకుండా కూర్చోబెట్టి, మెషీన్‌తో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. మన దగ్గర? రెండంతస్తులు ఎక్కి, టోకెన్ కోసం పోట్లాడి, చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టించుకుని, ఫోన్ మాట్లాడుతుంటే వచ్చే అంకె. ఆ 150కీ ఈ 120కీ పోలిక లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. అక్కడ చాలామందికి జబ్బు మొదట్లో బీపీ గానీ షుగరు గానీ ఉండవు, కారణం ఇంకా తేలలేదు. కాబట్టి "బీపీ నార్మలే కదా" అని ఊరుకోకుండా క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోండి.

మాత్ర ఆపాల్సిన రోజులూ ఉంటాయి. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు కూడా నిలవకపోతే ప్రిల్, సార్టాన్ మాత్రలు ఆపాలేమో డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి. తగ్గాక ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడగండి, చాలామంది ఆపినవాళ్లు ఆపినట్టే ఉండిపోతారు. ఆ రోజుల్లో ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ మాత్రం వేసుకోకండి.