పైల్ దిగే ముందు ఆ అరగంట

[దృశ్యం: తెల్లవారుజాము, భైరవపాలెం మొగ. వేటకు వెళ్తున్న బోటు.]

వాయిస్: ఈ నీళ్లలో చెయ్యి ముంచితే వేళ్లు కనపడవు. అంత ఒండ్రు తెస్తుంది గోదావరి. ఇలాంటి బురద నీళ్లలో, ఒడ్డుకు దగ్గరగా తిరిగే మూపురం డాల్ఫిన్‌కి చెవులే కళ్లు. టిక్కు టిక్కుమని శబ్దం వదిలి, చేపకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి, తిండి వెతుక్కుంటుంది.

[దృశ్యం: జెట్టీ పని. నీటి అడుగు నేలలోకి దించే ఉక్కు స్తంభం, అంటే పైల్ మీద సుత్తి దెబ్బ.]

వాయిస్: గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తే, నీళ్లలో 1,500 మీటర్లు వెళ్తుంది. ఒడ్డున మనకు దూరంగా వినిపించే ఈ దెబ్బ, నీటి కింద తల్లిని, పిల్లను విడదీయగలదు. చెవి దెబ్బతిన్న డాల్ఫిన్ తిండి ఎలా వెతుక్కుంటుంది?

అమెరికాలో 1972లో వచ్చిన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం, పని వల్ల జంతువులకు ఇబ్బంది కలిగే అవకాశముంటే ముందే అనుమతి తీసుకోవాలి. గాయమయ్యే స్థాయి వేరు, బెదిరి దారి మళ్లే స్థాయి వేరు. సుత్తి దెబ్బల్లాంటి శబ్దానికి ఈ రెండో హద్దు 160 డెసిబెల్స్. నీటిలో కొలత వేరు కాబట్టి దీన్ని మన లౌడ్‌స్పీకర్ డెసిబెల్స్‌తో పోల్చకండి.

అసలు బలం ఆ అనుమతితో పాటు పెట్టే షరతుల్లో ఉంది. పైల్ కొట్టే ముందు అరగంట సేపు పరిశీలకులు నీటి మీదే కన్నేసి ఉంటారు. తర్వాత మెల్లగా కొట్టడం మొదలుపెడతారు, దగ్గర్లో ఉన్నవి దూరం జరగడానికి. చుట్టూ గాలి బుడగల తెర వేస్తే శబ్దం తగ్గుతుంది. నిర్ణీత హద్దులోకి జంతువు వస్తే పని ఆగిపోవాలి.

[దృశ్యం: కోరంగి మడ అడవులు.]

వాయిస్: మన వన్యప్రాణి చట్టం కూడా 1972దే. డాల్ఫిన్లు, తిమింగలాలు మొదటి షెడ్యూల్లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. శబ్దం సంగతి మాత్రం ఎక్కువగా తీరప్రాంత నియంత్రణ, పర్యావరణ అనుమతుల్లో పెట్టే షరతుల మీదే ఆధారపడుతుంది.

పరిశోధకులకూ మినహాయింపు లేదు. మన జాలర్లకు వేట అంటే చేపలు పట్టడం. చట్టంలో వేట అంటే జంతువును పట్టుకోవడం, గాయపరచడం, ఒంట్లో చిన్న ముక్క తీయడం కూడా. అందుకే డాల్ఫిన్ చర్మం నమూనా కావాలన్నా 12వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ కావాలి, దానికి ముందు కేంద్రం ఒప్పుకోవాలి. ఇది సరైన కట్టుబాటు అని నా నమ్మకం. మంచి పని కోసమైనా ఆ జంతువును భయపెట్టే హక్కు ఎవరికీ ఊరికే రాకూడదు.

[దృశ్యం: ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ, షామియానా, మైకు.]

వాయిస్: మీ తీరంలో పెద్ద ప్రాజెక్టుకి ఇలాంటి సభ పెడితే, ఉద్యోగాల గురించి అడగండి, తప్పకుండా. దానితో పాటు ఇవీ అడగండి: ఈ బురద నీళ్లలో కంటితో చూస్తే డాల్ఫిన్ కనపడుతుందా? నీటి కింద శబ్దం వినే హైడ్రోఫోన్ పెడతారా? రాత్రి పని చేస్తారా? పని ఆపమనే అధికారం ఆ పరిశీలకుడికి ఉందా? అనుమతి వచ్చాక షరతులు ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి కంపెనీ నివేదిక ఇవ్వాలి. ఆ కాపీ అడిగి తీసుకోండి, మీ బోటు వాళ్లు చూసినదానితో పోల్చండి.