అంతర్వేదిలోని అంతర్, ఇంగ్లీషులోని ఇంటర్

పెద్దలకు, తోటి పంతుళ్లకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

నేను కోనసీమ బళ్లలో తెలుగు చెప్పినవాణ్ణి. ఇంగ్లీషు మాటల గురించి మాట్లాడటానికి ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఏడో తరగతిలో ఇంగ్లీషు పాఠం చదవమని లేపితే ఒక పొడుగాటి మాట దగ్గర ఆగిపోయాను. పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టారు. ఆ మాటను ఎలా విడగొట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పటికే నాకు సంధులు విడదీయడం బాగా వచ్చు. ఇక్కడా చెయ్యాల్సింది ఆ పనేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదు.

రాజమహేంద్రవరం అన్న పేరు తీసుకోండి. పలికితే ఏడు ముక్కలు: రా, జ, మ, హేం, ద్ర, వ, రం. అర్థానికి విడదీస్తే నాలుగే: రాజ, మహా, ఇంద్ర, వరం. మరి ఆ 'హేం' ఎవరిది? సగం మహాది, సగం ఇంద్రుడిది. పద్యానికి గణాలు కట్టేటప్పుడు మాట మధ్యలో కూడా కోస్తాం. ప్రతిపదార్థం చెప్పేటప్పుడు అలా కొయ్యం. ఈ తేడా పట్టుకున్న పిల్లలకు ఇంగ్లీషు మాటంటే టెన్షన్ ఉండదు.

ఇంటర్నేషనలైజేషన్. ఇంగ్లీషు రాతలో 20 అక్షరాలు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 18 ఉన్నాయని కంప్యూటర్ వాళ్లు దాన్ని 'ఐ 18 ఎన్' అని రాసుకుంటారు. పలికితే ఎనిమిది ముక్కలు: ఇన్, టర్, నే, షన్, అల్, ఐ, జే, షన్. ఊనిక, అంటే నొక్కి పలకడం, 'జే' మీద. చివర 'షన్' వచ్చే మాటల్లో ఊనిక సాధారణంగా దాని ముందు ముక్క మీదే పడుతుంది.

అర్థానికైతే ఐదే: ఇంటర్, నేషన్, అల్, ఐజ్, ఏషన్. 'ఐజ్' రాతలో చివర 'ఈ' అనే అక్షరం ఉంటుంది. 'ఏషన్' వచ్చి చేరగానే అది పోయింది. రాముడు, ఇతడు కలిసి రాముడితడు అయినప్పుడు ఉకారం పోయినట్టే. మిగిలిన జకారం నోట్లో 'జే' అయి కూర్చుంది, మన 'హేం' లాగా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇంకొకటుంది. లాటిన్ 'ఇంటర్', సంస్కృత 'అంతర్' ఒకే మూలం నుంచి వచ్చినవి. నర్సాపురం రేవులో పంటెక్కి అంతర్వేది తీర్థానికి వెళ్లినవాళ్లందరికీ ఆ ముక్క చిన్నప్పుడే పరిచయం. 'నేషన్' పుట్టుకను చెప్పే లాటిన్ మాట నుంచి వచ్చింది. మన 'జాతి'కీ మూలం పుట్టుకే. అంతర్జాతీయం పక్కన ఇంటర్నేషనల్ పెట్టి చూడండి, ముక్కకు ముక్క సరిపోతుంది!

ఒక్క జాగ్రత్త. భీమవరంలో వరం ఉంది కదా అని ధవళేశ్వరంలో వరం వెతక్కండి. అది ధవళ, ఈశ్వరం. 'అన్‌హ్యాపీ'లో 'అన్' అంటే 'కాదు'. 'అంకుల్' కూడా ఆ రెండక్షరాలతోనే మొదలవుతుంది, కానీ అక్కడ ఆ అర్థం లేదు. కోశాక మిగిలిన ముక్కకు అర్థం ఉందో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు ఆ 20 అక్షరాల మాట బోర్డు మీద రాస్తున్నాను. ముందు అందరూ ఎనిమిది చప్పట్లతో పలకండి. తర్వాత ఒకరొచ్చి సుద్దముక్కతో నాలుగు గీతలు గియ్యాలి. ఎవరొస్తారు?