ముందు టైరు, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు

సభకు నమస్కారం.

రిమోట్ కార్ల పందేలలో టైర్ల ఎంపిక గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. విషయం విస్తారమైనది కనుక, నాకు బాగా పరిచయమున్న 1:10 స్కేలు ఎలక్ట్రిక్ టూరింగ్ కారును, అంటే అసలు కారులో పదో వంతు సైజుతో తారు, కార్పెట్ ట్రాకుల మీద పరిగెత్తే కారును, ముందు పెట్టుకుని మాట్లాడతాను. మిగిలిన వాటిని దారిలో తాకుతూ వెళ్తాను.

ఈ టైరును మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారు గాలి కొట్టే చోటు కోసం వెతకడం నేను చాలాసార్లు చూశాను. దీనిలో గాలి కొట్టే పనే లేదు. రబ్బరు తొడుగు లోపల ఇన్సర్ట్ అనే ఫోమ్ పట్టీ ఉంటుంది. ఆ రెండింటినీ కలిపి ప్లాస్టిక్ రిమ్ముకు సూపర్ గ్లూతో అతికిస్తారు. 1,300 గ్రాముల పైచిలుకు బరువున్న కారు, సుమారు 26 మిల్లీమీటర్ల వెడల్పున్న నాలుగు టైర్ల మీద నిలబడి, మలుపులో తన బరువంతా బయటి రెండింటి మీదకు నెట్టేస్తుంది. అప్పుడు టైరు ఎంత నలగాలి, ఎంత నిలవాలి అన్నది ఇన్సర్ట్ గట్టిదనం, రబ్బరు మెత్తదనం కలిసి తేలుస్తాయి. పంక్చర్ షాపులో నేర్చుకున్న జ్ఞానం ఇక్కడ అంతగా అక్కరకు రాదు.

రబ్బరు గట్టిదనాన్ని కొలవడానికి 1920లలో ఆల్బర్ట్ షోర్ రూపొందించిన డ్యూరోమీటర్ పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నాము. కొన్ని కంపెనీలు టూరింగ్ టైర్ల మీద 24, 28, 32, 36 వంటి అంకెలు వేస్తాయి. అంకె పెరిగేకొద్దీ ఎక్కువ వేడిని తట్టుకునే రబ్బరు అని అర్థం. అయితే ఒక కంపెనీ 32కీ మరో కంపెనీ 32కీ చుట్టరికం ఉందనుకోవద్దు. ఆ అంకెలు ఆయా ఇళ్ళలోని పెద్దరికాలే తప్ప ఊరందరూ ఒప్పుకున్న కొలతలు కావు.

ఇక అసలు చిక్కు. రబ్బరు రెండు విధాలుగా నేలను పట్టుకుంటుంది: కొంత అంటుకోవడం వల్ల, కొంత తారులోని సన్నని ఎగుడుదిగుళ్ళలోకి ఒదిగిపోవడం వల్ల. చల్లగా ఉంటే అది బిగుసుకుని ఒదగదు, కారు జారుతుంది. మరీ వేడెక్కితే పైపొర మెత్తబడి నలిగిపోతుంది, అప్పుడూ కారు జారుతుంది. చూసేవారికి రెండూ ఒకే జారుడు. మందులు మాత్రం పూర్తిగా వ్యతిరేకం. హైదరాబాద్‌లో డిసెంబరు ఉదయం పార్కింగ్ స్థలంలో బాగా నడిచిన మెత్తని టైరు, మే నెల మధ్యాహ్నం తారు 55 డిగ్రీలు దాటినప్పుడు అదే స్థలంలో తిప్పలు పెడుతుంది. అప్పుడు మనలో చాలామంది చేసే పని, స్క్రూడ్రైవరు తీసుకుని స్ప్రింగులు మార్చడం, షాక్ అబ్జార్బర్లలో నూనె మార్చడం. జబ్బు ఒకచోట, వైద్యం మరొకచోట.

కారు చెప్పని మాటను టైరు చెబుతుంది, అయితే వెంటనే అడగాలి. 5 నిమిషాల పరుగు ముగిసి కారు చేతికి వచ్చిన అర నిమిషం లోపు, టైరు మీద వేలి కొసతో అడ్డంగా రాసి చూడండి. చిన్న చిన్న రబ్బరు ఉండలు వేలికి తగిలి, అంచులు చీలికలు పీలికలై, రెండో నిమిషం దాకా వేగంగా నడిచిన కారు మూడో నిమిషం నుంచి వెనక్కి తగ్గిందంటే, ఆ రోజు వేడికి మీ రబ్బరు మరీ మెత్తనిది. పైపొర నున్నగా మెరుస్తూ, మొదటి రెండు నిమిషాలు జారి, ఆ తర్వాత దారికి వచ్చిందంటే, అది మరీ గట్టిది. లోపలి అంచు, మధ్య భాగం, బయటి అంచు ఒకే తీరుగా అరగకపోతే మాత్రం చక్రం వాలు, అంటే క్యాంబర్, సరిచేసుకోవాలి. స్క్రూడ్రైవరు వంతు అప్పుడు వస్తుంది.

పట్టు ఎంత ఉంటే అంత మంచిదన్న నమ్మకం మన మనసుల్లో గట్టిగా నాటుకుంది. నేల మీద కార్పెట్ పరిచి చేసిన ట్రాకు దానిని ఒక్క పూటలో పోగొడుతుంది. పరుగు తర్వాత పరుగు జరిగేకొద్దీ కార్పెట్ మీద రబ్బరు పేరుకుని పట్టు పెరుగుతూ పోతుంది. ఉదయం నిలకడగా తిరిగిన కారు సాయంత్రానికి అదే మలుపులో పక్కకు దొర్లిపోతుంది. దీనినే ట్రాక్షన్ రోల్ అంటారు. ముందు టైర్ల బయటి పక్కగోడకు, అంచు వంపు దాకా, సూపర్ గ్లూ పలుచగా పూస్తే ఆ భాగం బిగుసుకుని నేలను కరవడం తగ్గుతుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఫెవిక్విక్ ధారాళంగా పోశాను. అది నేలను తాకే భాగం మీదకు కారి గాజులా గట్టిపడింది. కారు దొర్లడం మానేసింది నిజమే, తిరగడం కూడా మానేసింది.

పట్టు పెంచడానికి టైరుకు పూసే ద్రావకాల గురించి ఎక్కువ చెప్పను. పాత రోజుల్లో పిట్ బల్లల దగ్గర, అంటే కార్లను సిద్ధం చేసుకునే చోట, వింటర్‌గ్రీన్ నూనె వల్ల కీళ్ళ నొప్పుల బాము వాసన వేసేది. ఇప్పుడు చాలాచోట్ల వాసన లేనివే అనుమతిస్తున్నారు. వెనుక టైరుకు పూర్తిగా, ముందు టైరుకు లోపలి సగం మాత్రమే పూయడం చాలామంది పద్ధతి. ఎంత పూశారన్నదాని కన్నా ఎన్ని నిమిషాలు ఉంచి తుడిచారన్నదే ముఖ్యం. గడియారం చూసుకోనివారు దాని జోలికి పోకపోవడం మంచిది.

రబ్బరు తొడుగు లేకుండా పూర్తిగా ఫోమ్‌తోనే చేసిన టైర్ల సంగతి వేరు. అవి అరిగేకొద్దీ చిన్నవవుతాయి, గేరు లెక్క కూడా వాటితోపాటే జారిపోతుంది. 63 మిల్లీమీటర్ల వ్యాసమున్న టైరు చుట్టుకొలత సుమారు 198 మిల్లీమీటర్లు. చక్రం ఒక చుట్టు తిరగడానికి మోటారు 4 చుట్లు తిరిగే కారు, మోటారు ఒక్కో చుట్టుకు 49.5 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. అదే టైరు 60కి అరిగితే ఆ దూరం 47.1కి పడిపోతుంది. దాదాపు 5 శాతం పోయిందన్నమాట. దీనిని గమనించక బ్యాటరీని తిట్టుకునేవారిని చూశాను. కొత్త టైరు వేసి, అరిగిన టైరుకు సరిపెట్టిన పాత పినియన్‌నే (మోటారు ఇరుసు మీది చిన్న గేరును) ఉంచితే ఇందుకు తిరగబడి, మోటారు కాలిపోయేంత వేడెక్కుతుంది. కనుక ఫోమ్ వాడేవారి పెట్టెలో టైరు వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్ తప్పకుండా ఉండాలి.

మట్టి ట్రాకు మీద తిరిగే బగ్గీ కార్లకు టైరు మీది రబ్బరు ముళ్ళ ఆకారమే ప్రధానం: వదులు మట్టిలో పొడవైనవి, ఎడంగా ఉన్నవి దిగబడి పట్టుకుంటాయి, తొక్కి తొక్కి నున్నబడిన గట్టి మట్టి మీద పొట్టివి, దగ్గరగా ఉన్నవి మేలు. వాన పడితే లోపలికి నీరు చేరి చక్రం బరువెక్కుతుంది కనుక, టైరు నడిమి భాగంలో చిన్న రంధ్రాలు పొడిస్తే తిరిగే వేగానికి ఆ నీరు బయటకు చిమ్ముతుంది.

ఎన్ని చెప్పినా, సరిగా అతకని టైరు ముందు ఇవన్నీ వృథా. నా వెంట నాలుగు కొత్త రబ్బర్లు, ఇన్సర్టులు, రిమ్ములు తెచ్చాను. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోయేలా స్పిరిట్‌తో అంచు తుడవడం, ఇన్సర్ట్ ముడత పడకుండా కూర్చోబెట్టడం, గ్లూ చుక్క గాడిలోకి మాత్రమే దిగేలా వేయడం కళ్ళారా చూస్తేనే తెలుస్తాయి. ముందు వరుసలోని వారు బల్ల దగ్గరకు రండి, మొదటిది నేను అతికిస్తాను, మిగిలిన మూడూ మీ వంతు.