గబ్బిలం తిండి, దాని జీర్ణాశయం గోడ

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ హాల్లో ఉలవపాడు పిల్లలు కొందరున్నారని విన్నాను. మామిడి, సపోటా తోటల మీద రాత్రిళ్లు వాలే పండు గబ్బిలాలంటే మీ ఇళ్లల్లో ఎంత కోపమో నాకు తెలుసు. ప్రభుత్వానికీ అంతే ఉండేది. వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ వచ్చేదాకా కాకులు, ఎలుకలతో పాటు వీటిని కూడా హానికర జంతువుల జాబితాలోనే ఉంచారు. ఆ తగవు జోలికి నేను పోను. అది తిన్న పండు కడుపులో ఏమవుతుందన్నదే ఇవాళ్టి విషయం.

నిజానికి పండు గబ్బిలం పండును పూర్తిగా మింగదు. కొరికి, నాలుకతో అంగిలికేసి అదిమి, రసం మింగి పిప్పి ఉమ్మేస్తుంది. పొద్దున చెట్టు కింద కనిపించే పిప్పి ఉండలు అవే. అంటే లోపలికి పోయేది చాలావరకు తియ్యటి నీళ్లు, మెత్తటి గుజ్జు. మాంసకృత్తులు బాగా తక్కువ. కడుపు నిండాలంటే చాలా తాగాలి, ఎగరాలంటే దాన్ని త్వరగా వదిలించుకోవాలి. తిన్నది అరగంటలోనే బయటికి వచ్చేస్తుంది.

పెంకుటిళ్ల చూరుల్లో, పాత మండపాల్లో ఉండే చిన్న గబ్బిలాల సంగతి వేరు. వాటిది పురుగుల తిండి. నెల్లూరు వరి మళ్ల మీద ఎగిరే రెక్కల పురుగులను పట్టి, నమిలి పొడి చేసి మింగుతాయి. ఆ పొడిలో మాంసకృత్తులు, కొవ్వుతో పాటు కైటిన్ అనే గట్టి పదార్థంతో అయిన పురుగు పెంకు కూడా ఉంటుంది. దాన్ని అరిగించే కైటినేజ్ ఎంజైమ్ పురుగులు తినే గబ్బిలాల జీర్ణాశయంలో పనిచేస్తుందని పరిశోధకులు చూపించారు.

ఇక మైక్రోస్కోప్ కింద పెట్టే జీర్ణాశయం స్లైడు దగ్గరికి వద్దాం. గోడలో పొరలు మనకున్నవే: లోపల శ్లేష్మ పొర, దాని కింద అధఃశ్లేష్మ పొర, తర్వాత కండరం, పైన పలుచటి సీరస్ పొర. తేడా పొరల సంఖ్యలో లేదు, శ్లేష్మ పొరలోని గ్రంథుల్లో ఉంది. హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేస్తే ఆమ్లం స్రవించే పెరైటల్ కణాలు గులాబీ రంగులో, పెప్సినోజెన్ (మాంసకృత్తులను అరిగించే పెప్సిన్‌కు ముడి రూపం) తయారుచేసే చీఫ్ కణాలు నీలం వైపుగా కనిపిస్తాయి. పండు గబ్బిలాల్లో జీర్ణాశయం ఒక పక్క పొడుగ్గా సంచిలా సాగి ఉంటుంది. అక్కడి గ్రంథుల్లో గులాబీ కణాలు కిక్కిరిసి ఉంటాయి. పురుగులు తినేవాటిలో సంచి చిన్నది, సాదాసీదాది. గ్రంథుల అడుగున చీఫ్ కణాలు బాగానే కనబడతాయి.

ఇంతవరకూ బాగుంది. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. 'తిండిని బట్టి కణజాలం మారింది' అని రాసేసి సంతకం పెట్టించుకుంటారు. నాకు అభ్యంతరం అక్కడే. మన దేశంలో పండ్లు తినే గబ్బిలాలన్నీ టెరోపొడిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి. కాబట్టి స్లైడులో కనబడే తేడా తిండి వల్ల వచ్చిందా, వంశం వల్ల వచ్చిందా? రెండు జాతులను పక్కపక్కన పెట్టినంత మాత్రాన అది తేలదు.

తేల్చుకోవాలంటే అమెరికా ఖండాల్లోని ఫిల్లోస్టొమిడే కుటుంబాన్ని చూడాలి. పురుగులు తినేవి, పండ్లు తినేవి, మకరందం తాగేవి, చివరికి రక్తం తాగేవి కూడా ఆ ఒక్క కుటుంబంలోనే ఉన్నాయి. మన పండు గబ్బిలాలకు దూరపు బంధువులైనా, అక్కడి పండ్లు తినేవాటిలో కూడా జీర్ణాశయం సంచి పెద్దదైంది. ఇది తిండి పక్షాన గట్టి సాక్ష్యం. రక్తం తాగే గబ్బిలంలో అయితే జీర్ణాశయం గొట్టంలా సాగిపోయింది. గోడ నిండా రక్తనాళికల వల. ఒక్క పూటకు తన బరువులో సగం దాకా తాగి, రక్తంలోని నీటిని ఆ గోడ గుండానే చకచకా పీల్చేసుకుంటుంది. తాగుతుండగానే మూత్రం పోయడం మొదలుపెడుతుంది, లేకపోతే ఆ బరువుతో ఎగరలేదు!

మన దగ్గరుండే మెగాడెర్మా లైరా అనే గబ్బిలం కప్పలు, బల్లులు, ఎలుకలు తింటుంది, పురుగులూ తింటుంది. దాన్ని 'మాంసాహారి' గడిలో పడేసి లెక్కలు కట్టేవాళ్లంటే నాకు అనుమానమే.

పొర మందం కొలిచేటప్పుడు జాగ్రత్త. ఖాళీ కడుపులో మడతలు ఎత్తుగా, గోడ మందంగా ఉంటుంది. నిండిన కడుపులో అదే గోడ సాగి పలుచబడుతుంది. ఒకటి తినకముందు, ఇంకోటి తిన్నాక తీసిన కణజాలాలను పోలిస్తే అంకెలకు అర్థం లేదు. ప్రాణం పోయిన వెంటనే స్థిరీకరణ ద్రావణంలో (కణజాలం చెడకుండా నిలిపే ద్రవంలో) వేయకపోతే జీర్ణరసాలు ఆ శ్లేష్మ పొరనే అరిగించేస్తాయి. అప్పుడు మీరు చూసేది జాతి లక్షణం కాదు, మీ ఆలస్యం.

ఇదంతా విని గబ్బిలాలు పట్టడానికి బయల్దేరకండి. అటవీ శాఖ అనుమతి కావాలి. చచ్చిపడి ఉన్నదాన్ని కూడా ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, నీపా లాంటి వైరస్‌లు ఉన్నాయి. పాత నమూనాల స్లైడ్లు రెండు ల్యాబ్‌లో మైక్రోస్కోప్‌ల కింద పెట్టించాను. అక్కడికి వెళ్లాక, ఆ ముక్క జీర్ణాశయంలో ఏ భాగం నుంచి కోసిందో ముందు గుర్తుపట్టండి. కణాలు లెక్కపెట్టడం ఆ తర్వాతే.