కూర్చుని తిన్నా కరగని కొండ

న్యూజెర్సీ రాష్ట్రంలో హ్యాకెన్‌సాక్ అనే ఊరు. బేస్‌బాల్ ఆట మంచి ఊపులో ఉంది. ఉన్నట్టుండి ఆట ఆగిపోయింది. ఎందుకంటే రైలొస్తోంది! పట్టాలు గ్రౌండ్ మీదుగానే వెళ్తున్నాయి మరి. రైలు పోయేదాకా ఆటగాళ్ళంతా అలా నిలబడాల్సిందే. ఈ ఒక్క సీన్ చాలు, హీరో ఎలాంటి బతుకు బతుకుతున్నాడో తెలిసిపోతుంది.

అందరికీ నమస్కారం. ఈ రోజు మనం 1985లో వచ్చిన 'బ్రూస్టర్స్ మిలియన్స్' గురించి మాట్లాడుకుందాం. డైరెక్టర్ వాల్టర్ హిల్. హీరో, అంటే ఆ చిన్న జట్టు ఆటగాడు బ్రూస్టర్‌గా రిచర్డ్ ప్రయర్, అతని ప్రాణ స్నేహితుడు స్పైక్‌గా జాన్ క్యాండీ. మూలం 1902 నాటి జార్జ్ బార్ మెక్‌కచన్ నవల. ఎన్టీఆర్ గారి 'వద్దంటే డబ్బు', రజనీకాంత్ 'అరుణాచలం' చూసినవాళ్ళకు ఈ కథ బాగా తెలుసు. అన్నిటికీ వేరు ఆ నవలే.

బ్రూస్టర్‌కు తాత వరసైన ఒక కోటీశ్వరుడు చనిపోతూ వింత వీలునామా రాస్తాడు. 30 రోజుల్లో 3 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టాలి. పెడితే 30 కోట్లు వస్తాయి, లేకపోతే చిల్లిగవ్వ రాదు. నెల తిరిగేసరికి చేతిలో ఆస్తి అంటూ ఏదీ మిగలకూడదు. దానధర్మాలకు 5 శాతం, జూదానికి 5 శాతం, అంతకు మించకూడదు. విలువైన వస్తువులను పాడు చేయకూడదు. సంగతి ఎవరికీ చెప్పకూడదు.

ఎందుకీ షరతు? ముసలాయన తన చిన్ననాటి సంగతి చెబుతాడు. ఏడేళ్ళప్పుడు చుట్ట కాలుస్తూ దొరికిపోతే, వాళ్ళ నాన్న పెట్టెడు చుట్టలిచ్చి, అన్నీ కాల్చేదాకా గదిలో పెట్టి తాళం వేశాడట. ఆ దెబ్బతో చుట్టంటేనే అసహ్యం పుట్టింది. మనవడికీ డబ్బు ఖర్చు పెట్టడమంటే అలాగే వెగటు పుట్టాలని ఆయన ఆశ.

నాకు ఈ సినిమా అంత నచ్చడానికి కారణం ఇక్కడే ఉంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు అంటారు కదా. ఈ కొండ కరగదు! పందెం కాస్తే గెలుస్తాడు. పనికిమాలిన వ్యాపారమని మంచుకొండలను లాక్కొచ్చే పథకంలో డబ్బు పోస్తే, దానికీ లాభం వస్తుంది. పాపం స్పైక్, స్నేహితుడి డబ్బు వృథా అవుతోందని మంచి పెట్టుబడులు పెట్టి ఇంకా పెంచుతాడు. లేనివాడు నెల జీతాన్ని ఇరవయ్యో తారీఖు దాకా ఆపలేడు. ఉన్నవాడు పోగొట్టుకుందామన్నా డబ్బు వదిలిపెట్టదు. ధనికుడికీ పేదవాడికీ ఉన్న తేడాను ఇంత సూటిగా చెప్పిన కామెడీలు చాలా తక్కువ. ప్రయర్ ముఖంలో ఆ టెన్షన్ చూడండి, నవ్వొస్తుంది, వెంటనే జాలేస్తుంది.

స్టాంపు సీన్ అయితే అద్భుతం. 1918లో అమెరికా పోస్టాఫీసు వేసిన 24 సెంట్ల స్టాంపుల్లో ఒక షీటు మీద విమానం తలకిందులుగా అచ్చయింది. బయటికొచ్చినవి ఆ వందే. ఇలాంటి స్టాంపును బ్రూస్టర్ పన్నెండున్నర లక్షల డాలర్లకు కొని, పోస్టుకార్డుకు అంటించి డబ్బాలో వేసేస్తాడు! పాడు చేయలేదు, వాడాడు అంతే.

డబ్బు తగలేయడానికి అతను దిగే న్యూయార్క్ మేయర్ ఎన్నికల భాగం కొంచెం హడావిడిగా సాగుతుంది. కానీ అక్కడ అతని నినాదమేమిటో తెలుసా? 'వీళ్ళెవరూ వద్దు'. మన దగ్గర నోటా వచ్చింది 2013లో, అంటే 28 ఏళ్ళ తర్వాత. జనం అతన్నే గెలిపించేలా ఉన్నారు. మేయర్ ఉద్యోగానికి జీతం ఉందని, అది కూడా ఆస్తి కిందే లెక్కని తెలిసి పోటీ నుంచి తప్పుకుంటాడు.

ఇన్ని ఖర్చుల్లో అతను తన కోసం మనసారా పెట్టింది ఒకటే అనిపిస్తుంది నాకు. న్యూయార్క్ యాంకీస్ లాంటి మహా జట్టుకు డబ్బిచ్చి, తన చిన్న జట్టుతో మూడు ఇన్నింగ్స్ ఆడిస్తాడు. బంతి చేత్తో పట్టుకుని వాళ్ళకు ఎదురుగా నిలబడతాడు. ఈసారి మధ్యలో రైలు రాదు.