పల్ల, జోడిపి, దొర: మందలో పేర్ల ముచ్చట

బావ: ఆన్ అయిందా? నమస్కారం. ఈ రోజు విషయం గొర్రెల రంగులు, కాపరులు వాటికి పెట్టుకున్న పేర్లు. బామ్మర్ది చదువుకునే వచ్చాడు, కాబట్టి ఈసారి రాజకీయాలు ఉండవు.

బామ్మర్ది: నిమ్మకాయ మీద చేసిన ఎపిసోడ్ రాజకీయాల్లోకి వెళ్లాక ఆ మాట ఇచ్చింది నువ్వు బావా, నేను కాదు.

బావ: నిమ్మకాయ సంగతి ఎత్తకు. మొదలుపెట్టు.

బామ్మర్ది: నెల్లూరు గొర్రె. మన దేశపు గొర్రెల జాతుల్లో అన్నిటికంటే ఎత్తయినది. అందులో మూడు రకాలు, మూడూ రంగును బట్టే. ఒళ్లంతా తెలుపైనా, తెలుపు మీద అక్కడక్కడ లేత గోధుమ మచ్చలున్నా పల్ల. తెల్ల ఒంటి మీద కళ్ల చుట్టూ, పెదవులు, కింది దవడ, పొట్ట, కాళ్లు నల్లగా ఉంటే జోడిపి. మొత్తం గోధుమరంగైతే దొర.

బావ: దొర! నడక చూసి పెట్టారేమో.

బామ్మర్ది: నీ ఊహలు ఆపు. పశువైద్యం పుస్తకాల్లో కూడా ఈ పేర్లే ఉంటాయి.

బావ: మరి దక్కనీ గొర్రె?

బామ్మర్ది: ఎటు పోతున్నావో తెలుసు. దాని ఉన్నితో నేసే గొంగడి.

బావ: నేను ఆ మాటే అనలేదు! దక్కనీవి ఎక్కువగా నల్లవి, కొన్నిటికి తెల్ల మచ్చలు. ఆ నలుపు గొర్రెదే, మనం అద్దింది కాదు. ఇక గొంగడికైతే...

బామ్మర్ది: అన్నావు.

బావ: ...పడుగుకి, అంటే మగ్గం మీది నిలువు దారాలకి, చింతగింజల గంజి పట్టిస్తారు, అప్పుడే దారం గట్టిపడుతుంది. ఇది తెలియకుండా నల్లగొర్రె గురించి మాట్లాడకూడదు.

బామ్మర్ది: వచ్చింది చింతగింజ, ప్రతి ఎపిసోడ్‌లోలాగే! కామెంట్లలో లెక్కపెట్టేవాళ్లు ఒకటి వేసుకోండి. నాకో అనుమానం బావా. మందలో యాభై జోడిపులుంటే, జోడిపి అన్న పేరుతో ఒక్కదాన్ని ఎలా పట్టుకుంటారు?

బావ: జోడిపి ఇంటిపేరు లాంటిది. దాని మీద ఇంకోటి తగిలిస్తారు. కొమ్ముల్లేకపోతే బోడిది, నుదుట తెల్లమచ్చ ఉంటే బొల్లిది, లేదంటే కుంటిది, పొట్టి చెవులది.

బామ్మర్ది: నేననేది వేరే. కాపరికి ఈ పేర్లేవీ అక్కర్లేదు. మొహం చూస్తే తెలుస్తుంది.

బావ: అక్కర్లేకపోతే ఎందుకు పెట్టుకున్నాడు?

బామ్మర్ది: ఇంకొకరికి చెప్పడానికి! "సూడిది, ఆ బొల్లిది, సాయంత్రం మందలోకి రాలేదు" అని అన్నకో భార్యకో చెప్పాలి కదా. గుర్తుపట్టడం కంటి పని. పేరు నోటికి కావాలి.

బావ: ఒప్పుకోను. పేరుంటేనే కన్ను ఆగి చూస్తుంది. జోడిపి అన్న మాట తెలియనివాడికి ఆ పొట్ట కింది నలుపు కనిపించనే కనిపించదు. నువ్వు చదవకముందు చూశావా?

బామ్మర్ది: గొర్రెల దగ్గర ఏ పేర్లున్నాయి? 2001లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. గొర్రెలు యాభై తోటి గొర్రెల మొహాలను రెండేళ్లకు పైగా గుర్తుపెట్టుకున్నాయి.

బావ: గొర్రెని సాక్ష్యానికి పిలిచావా!

బామ్మర్ది: 2017లో కేంబ్రిడ్జ్‌లో ఫొటోలు చూపించి నేర్పిస్తే ఒబామాని కూడా గుర్తుపట్టాయి.

బావ: ఇక్కడ మా పెద్దనాన్న నన్నే గుర్తుపట్టడు. అయినా గొర్రెకి మంద అప్పగించక్కర్లేదు కదా. నువ్వు నాలుగు రోజులు ఊరెళ్తే నీ మందని ఎవడు కాస్తాడు, ఏం చెప్పి వెళ్తావు?

బామ్మర్ది: నేననేది అదే బావా! చెప్పి వెళ్లడానికే పేరు అంటున్నాను. నా మాటే తిప్పి నాకు చెబుతున్నావు.

బావ: తిప్పలేదు. నేను చూపు గురించి అంటున్నాను.

బామ్మర్ది: సరే, ఆ చెప్పే పని ఇప్పుడు ట్యాగు చేస్తుంది. చెవికి పసుపు బిళ్ల, పన్నెండు అంకెలు. రికార్డుకి అది చాలు.

బావ: పొద్దుగూకే వేళ దూరంగా మేస్తున్న గొర్రె చెవి మీద పన్నెండు అంకెలు చదువు, చూస్తాను. వెనకటికి చెవికి గాటు పెట్టేవారు. అది కూడా మంద ఎవరిదో తెలియడానికే, ఏ గొర్రె అన్నది తెలియడానికి కాదు.

బామ్మర్ది: ఈ పాయింట్ నీదే.

బావ: రాసిపెట్టు. తారీఖు కూడా వెయ్యి.

బామ్మర్ది: రాశాను. ఇంకేముంది?

బావ: నాకు బాధ వేసేది ఒకటుంది. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల్లో దేశంలోనే ఫస్ట్. కోటీ తొంభై లక్షలు. కానీ మాంసానికి ధర పలికింది, ఉన్నికి పలకలేదు. అందుకని ఎత్తు కోసం, బరువు కోసం దక్కనీ మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లని దించారు. నెల్లూరుదానికి ఉండేవి పొట్టి వెంట్రుకలు. పుట్టిన పిల్లలకి ఉన్ని తగ్గిపోయింది. ఇంక గొంగడి దేంతో నేస్తారు?

బామ్మర్ది: ఇది మాత్రం నవ్వే విషయం కాదు. కానీ కాపరిని తప్పుపట్టలేం బావా. ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి, ఆ కూలి కూడా రాకపోతే ఏం చేస్తాడు?

బావ: నేను కాపరిని అనలేదు.

బామ్మర్ది: మరి ఎవరిని అంటున్నావు?

బావ: చెబితే రాజకీయం అంటావు.

బామ్మర్ది: అంటాను. రంగులకి రా. స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల గొర్రెల గురించి రాసుకొచ్చాను, పదకొండు రంగులు, ముప్పై మచ్చల తీరులు, అన్నిటికీ పేర్లు. పొట్ట నల్లగా, పైన లేతగా ఉండేదాన్ని కాట్‌మోగెట్ అంటారు. మన జోడిపి దానికి దగ్గరే.

బావ: వాళ్లు పడుగుకి ఏ గంజి పెడతారట?

బామ్మర్ది: బావా!

బావ: అడిగాను, అంతే. నీ ఫోన్ మోగుతోంది, చూడు.

బామ్మర్ది: అక్కే. నీకు ఎత్తకుండా నాకు చేస్తోందంటే... ఆపు, ఆపు, రికార్డింగ్ ఆపు.